దయ్యం కోడలు, నేను, మా అత్తమ్మ స్టీలు గ్లాసు

నా గొంతు తిరిగి వచ్చింది. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను. ఇలాంటివి చదివేవాళ్ళలో సగం మంది చేతిలో ఫైలు పట్టుకుని ఏదో ఒక ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఉంటారు. వాళ్ళను చివరిదాకా ఊరించడం పాపం. పాత గొంతు కాదు, కొంచెం బొంగురుగా ఉంటుంది, పొద్దున్నే రెండు మూడుసార్లు దగ్గితే గాని మొదలుకాదు. అయినా నాదే, నేను పిలిస్తే వస్తుంది.

ఇది రాయించింది మా డిపోలోనే పనిచేసే ఇంకో కండక్టరమ్మ. ఆమె మెడలో కూడా గడ్డ ఉంది, త్వరలో ఆపరేషన్. "అక్కా, ఏమేమైతదో ముందుగాల చెప్పరాదూ" అని అడిగింది. నిలబడి చెప్పే కథ కాదు ఇది. పైగా ఇందులో ఒక టీవీ సీరియల్ ఉంది, అదీ దయ్యం సీరియల్. దాన్ని వదిలేసి చెబితే నా జబ్బు సంగతి సగమే చెప్పినట్టు. అందుకే రాస్తున్నాను.

ఎండలు

నాది కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి బస్సు. మధ్యలో తాడ్వాయి, లింగంపేట, ఇంకా ఎవరు చెయ్యెత్తితే అక్కడ. మా ఇల్లు ఎల్లారెడ్డిలో. ఇంట్లో ఉండేది నేను, మా అత్తమ్మ లచ్చవ్వ. మా ఆయన గంగాధర్ మస్కట్‌లో ఏసీలు బిగించే పని చేస్తాడు, రెండేళ్ళకోసారి వస్తాడు. మాకు పిల్లలు లేరు, దాని గురించి ఇక్కడ చెప్పేదేం లేదు.

నాది మొదటినుంచీ పెద్ద నోరు. కండక్టరుకు అది ఆస్తి. ఆడవాళ్ళకు టికెట్టు ఉచితమైన దగ్గర్నుంచి మా బస్సులో గాలి దూరడానికి కూడా సందు ఉండదు. వెనకనుంచి నేను "తాడ్వాయి దిగేటోళ్ళు ముందటికి రాండ్రి!" అంటే డ్రైవర్ పక్క సీట్లో కునుకు తీసే మనిషి ఉలిక్కిపడి లేవాలి. లేచేవాళ్ళు కూడా. "సరోజా, నువ్వుండంగ నాకు హారన్ ఎందుకు" అనేవాడు మా డ్రైవర్ మల్లేశన్న. గంట తాడు లేని బస్సుల్లో రూపాయి బిళ్ళతో పైన కడ్డీ మీద కొడతాం. ఒక్క దెబ్బ కొడితే ఆపమని, రెండు కొడితే పోనిమ్మని. దేశంలో ఏ కండక్టరుకైనా ఇదే లెక్క. ఈ లెక్క మా ఇంట్లో ఎంత పని చేసిందో ముందు ముందు మీరే చూస్తారు.

గడ్డను మొదట చూసింది నేను కాదు. లింగంపేటలో ఎక్కిన ఒక ముసలవ్వ. జీరో టికెట్టు చింపి ఇస్తుంటే నా మెడకేసి చూసి, "ఏం బిడ్డా, గొంతు కాడ గదేంది, నిమ్మకాయంత ఉబ్బింది?" అంది.

"ఒర్రి ఒర్రి గట్లైందవ్వా" అన్నాను, నెపం నా అరుపుల మీదికి తోసేసి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుంటే నిజంగానే నిమ్మకాయంత ఉంది. మర్నాటి నుంచి ఖాకీ కోటుకు పై గుండీ కూడా పెట్టుకోవడం మొదలుపెట్టాను. నడి ఎండాకాలంలో మెడదాకా గుండీలు పెట్టుకున్న మనిషిని చూస్తేనే ఏదో దాస్తోందని తెలిసిపోతుంది. ఆ తెలివి నాకు అప్పుడు లేదు.

ఇక సీరియల్ సంగతి. మా అత్తమ్మ బీడీలు చేస్తుంది. చేట ఒళ్ళో పెట్టుకుని తునికాకులో తంబాకు పోసి చుట్టి దారం కట్టేదాకా అంతా ఆమె వేళ్ళే చూసుకుంటాయి, కళ్ళతో పనిలేదు. అందుకని కళ్ళను టీవీకి అప్పజెప్పింది. మా వైపు బీడీలు చేసే ఆడవాళ్ళ ఇళ్ళన్నిట్లో ఇంతే, సీరియల్ నడిస్తేనే చేట నడుస్తుంది.

అప్పట్లో సాయంత్రం ఒకటి వచ్చేది, మధ్యాహ్నం మళ్ళీ వేసేవాళ్ళు. ఒక పెద్ద బంగ్లా. ఆ ఇంటి పెద్దకోడలు చచ్చిపోయి, బయటికి పోలేక ఆ ఇంట్లోనే తెల్లచీరలో తిరుగుతుంటుంది. మరిది రోజూ మామగారి పాలలో ఏదో కలుపుతుంటాడు. చూసేది ఆమె ఒక్కతే. "తాగకండి మామయ్యా!" అని అరుస్తుంది. గాలి వీస్తుంది, పరదాలు ఎగురుతాయి, అందరి మొహాలు మూడేసి సార్లు చూపిస్తారు, కానీ ఒక్కరికీ వినపడదు. మామగారు గటగటా తాగేస్తాడు.

"సచ్చినంక గూడ లిప్‌స్టిక్ పోలే దీనికి" అనేదాన్ని నేను.

"నువ్వు జర ఊకో" అని నన్ను కసురుకుని, అత్తమ్మ టీవీతో మాట్లాడేది. "ఒర్రు బిడ్డా, ఒర్రు. వాళ్ళు ఇనకుంటే ఏమాయె, నేనింటున్న."

"అత్తమ్మా, నీ మాట టీవీల దానికి ఇనవడదు."

"దాని మాట నాకు ఇనవడుతుంది గద. సాలు."

ఇదీ మా ఇంటి వరస. నేను ఇంట్లో ఉన్నంతసేపూ టీవీకంటే గట్టిగా మాట్లాడేదాన్ని, ఆమె నాకంటే గట్టిగా సౌండు పెంచేది.

వానలు పడ్డాక

మింగితే అడ్డం పడుతున్నట్టు అనిపించడం మొదలయ్యాక భయమేసింది. అత్తమ్మా నేనూ కామారెడ్డిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నా బస్సులోనే, నేను ప్రయాణికురాలిగా. వేరే కండక్టర్ అరుస్తుంటే సీట్లో చేతులు ముడుచుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. లింగంపేట దాటాక ఇక ఆగలేక రెండుసార్లు "జరుగుండ్రి, జరుగుండ్రి" అని కూడా అన్నాను.

సూది గుచ్చి ఏదో తీశారు. రిపోర్టు వచ్చాక, వెంటనే తీసేయాలని, తీసి పరీక్షకు పంపితే గాని అది మంచి గడ్డో చెడ్డ గడ్డో ఖాయంగా చెప్పలేమని అన్నారు. డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. గొంతు నరం ఆ గడ్డను ఆనుకునే పోతుందని, కొంతమందికి గొంతు కొన్నాళ్ళు పోతుందని, ఎక్కువగా తిరిగి వస్తుందని, ఎప్పుడో ఒకరికి రాదని. అన్నీ సరిగ్గా చెప్పింది, నాకు ఓపిగ్గానే చెప్పింది. నా బుర్రలో మాత్రం చెడ్డ గడ్డ అన్న మాట ఒక్కటే తిరుగుతోంది, గొంతు సంగతి చెవి దాకా వచ్చి ఆగిపోయింది.

వెయిటింగ్ హాలు గురించి చెప్పాలి. ఇనుప కుర్చీలు, తడి గొడుగులు, ఎవరి ఫైలు వాళ్ళ ఒళ్ళో. అక్కడ ఎవరూ ఎవరి మొహం చూడరు, చూస్తే ఎక్కడ తమ భయం బయటపడుతుందో అని. గోడకు టీవీ ఉంది, రోగులకు ఇబ్బంది కలగకుండా సౌండు తీసేశారు. అందులో సరిగ్గా మా అత్తమ్మ సీరియల్ వచ్చింది. తెల్లచీర దయ్యం నోరు తెరిచి అరుస్తోంది. చప్పుడు లేదు. పక్కనున్న మనుషులు కూడా నోళ్ళు ఆడిస్తున్నారు. చప్పుడు లేదు. చూసి నాకు చిరాకేసింది, తల తిప్పుకున్నాను.

మా అత్తమ్మ ఊరుకుంటుందా? "అయ్యో, గామె ఏమంటున్నదంటే" అని మొదలుపెట్టింది. దయ్యం మాటలు, మామ మాటలు, మరిది మాటలు, అన్నీ తనే చెప్పింది, మరిదికి ముక్కుతో మాట్లాడే గొంతు కూడా పెట్టింది. మొదట పిట్లం నుంచి వచ్చిన ఒకావిడ కుర్చీ ఇటు జరుపుకుంది. తర్వాత గడ్డం తెల్లబడ్డ ఒక పెద్దాయన, "మరి పోలీసులకు చెప్పొచ్చు గద" అన్నాడు. "సచ్చినామె పోలీసులకు ఎట్ల చెప్తదయ్యా" అని అత్తమ్మ ఆయన మీద లేచింది. హాలంతా నవ్వింది. చెకప్ పిలుపు వచ్చినవాళ్ళు కూడా "తర్వాత ఏమైందో చెప్పాలె అవ్వా" అని లోపలికి వెళ్ళారు. ఆ కాసేపు మెడలో గడ్డ ఉందన్న మాట నేను మరిచిపోయాను. ఆమె సీరియల్ పిచ్చి నాకు చేసిన మేలు అదే మొదటిది.

శ్రావణం

ఆపరేషన్ అయ్యాక కళ్ళు తెరిచి "నీళ్ళు" అన్నాను. అన్నాననుకున్నాను. గాలి బయటికి వచ్చింది, అంతే. మళ్ళీ అన్నాను. మళ్ళీ గాలే. పక్కనే కూర్చున్న అత్తమ్మ కిటికీలోంచి వాన చూస్తోంది, తల కూడా తిప్పలేదు. ఆ క్షణంలో కలిగిన భయం నేను జీవితంలో మరిచిపోను. మెడ నొప్పి కాదు, చావు భయం కూడా కాదు. నేను ఇక్కడ ఉన్నానని పక్కనున్న మనిషికి తెలియజేసే దారి లేదని అర్థమవడం.

నరం తెగలేదు, బాగా వాచింది, తగ్గడానికి నెలలు పట్టొచ్చు, ఓపిక పట్టమంది డాక్టరమ్మ. గుసగుస కూడా వద్దంది, గుసగుసలాడితే గొంతుకు ఇంకా శ్రమట. వస్తుందా అని కళ్ళతో అడిగాను. "రావాలనే మనం అనుకుందాం" అంది. నేను కండక్టర్ని అని ఆమెకు తెలుసు. అందుకే నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

ఇంటికి వచ్చాక వింతలు మొదలయ్యాయి. గొంతు పోయిన మనిషికి చెవులు కూడా పోయాయని లోకం అనుకుంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు నా మొహం దగ్గరికి వంగి "ఎ... ట్లు... న్న... వ్?" అని అరిచేవాళ్ళు. ఇంకొందరు నన్ను వదిలేసి, "పాపం, తింటున్నదా? పంటున్నదా?" అని నా ముందే అత్తమ్మను అడిగేవాళ్ళు. మా ఆయన కూడా అంతే. వీడియో కాల్ చేస్తే మొదట్లో నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత తర్వాత, "అవ్వా, సరోజ ఎట్లుంది?" అనడం మొదలుపెట్టాడు. ఫోన్ పట్టుకున్నది నేనే, అడిగేది నా వెనకున్న ఆమెను. అతని తప్పేం లేదు. నేను చూస్తూ కూర్చుంటే అతనికి ఏం మాట్లాడాలో తోచేది కాదు.

రాసి చూపించొచ్చు కదా అంటారు. అత్తమ్మకు చదువు రాదు. మా ఆయనకు మెసేజ్ పెడితే పని దిగాక చూస్తాడు, ఈలోపు నాకొచ్చిన కోపం చల్లారి ఉంటుంది. కోపం, నవ్వు, వెటకారం ఇవన్నీ వేడివేడిగా అనాల్సినవి. అక్షరాలు టైపు చేసేసరికి వాటి ప్రాణం పోతుంది.

ఒక సాయంత్రం మంచం మీద పడుకుని ఉన్నాను. సీరియల్ నడుస్తోంది. దయ్యం కోడలు ఆ రోజు అరవలేదు. అందరూ భోంచేస్తున్న బల్ల దగ్గర తన పాత కుర్చీలో వచ్చి కూర్చుంది. ఆమె గురించే మాట్లాడుకుంటున్నారు, ఆమె ఉంటే ఎంత బాగుండేదో అని. ఆమె ఒక్కొక్కరి మొహం చూస్తూ, "నేనిక్కడే ఉన్నాను" అని చాలా మెల్లగా అంది. గాలి లేదు, పరదాలు లేవు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. లిప్‌స్టిక్ దయ్యమని వెక్కిరించిన నేను, దిండులో మొహం పెట్టుకుని చప్పుడు లేకుండా ఏడ్చాను. చచ్చినందుకు కాదు ఆమె బాధ, ఉన్నా లేనట్టే అయినందుకు. ఈ సంగతి ఆ సీరియల్ తీసినవాళ్ళకు తెలిసి తీశారో, తెలియక తీశారో నాకు తెలియదు. నాకు మాత్రం తగలాల్సిన చోట తగిలింది.

అత్తమ్మ అలవాటుగా, "ఉన్నవు బిడ్డా, ఉన్నవు. నాకెరికే" అంది. టీవీని చూస్తూనే అంది. నేను మాత్రం ఆ మాట నాకే తీసుకున్నాను.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది, గొంతు పోయాక నాతో మామూలుగా మాట్లాడింది ఆమె ఒక్కతే. అరవలేదు, జాలిపడలేదు, జవాబు కోసం ఆగి ఇబ్బంది పడలేదు. కూరలో ఉప్పెక్కువైందని నేను మొహం పెడితే, "ఆ, ఎక్కువే పడ్డది, ఏం జేస్త మరి, దయ్యాన్ని చూసుకుంట ఏసిన" అనేది. జవాబు చెప్పని మనిషితో మాట్లాడడం ఆమెకు ఏళ్ళ తరబడి అలవాటు. నేను నవ్వుకున్న ఆ అలవాటే నన్ను నిలబెట్టింది.

స్టీలు గ్లాసు కూడా సీరియల్లోంచే వచ్చింది. బంగ్లాకు ఒక మంత్రగాడు వచ్చి వెండిగ్లాసు నిలబెట్టి, "ఒక్కసారి మోగితే అవును, రెండుసార్లు మోగితే కాదు" అన్నాడు. దయ్యం మోగించింది. మర్నాడు నేను లేచేసరికి నా మంచం పక్కన స్టీలు గ్లాసు, చెంచా ఉన్నాయి. "నువ్వు గూడ గట్లనే కొట్టు" అంది అత్తమ్మ, పెద్ద మందు కనిపెట్టినట్టు.

అక్కడే వచ్చింది చిక్కు. నా చెయ్యి కండక్టరు చెయ్యి. టీవీ చూస్తూనే అన్నం పెడుతూ "ఇంకింత ఎయ్యన్నా?" అంటే, చాలు ఆపమని ఒక్కటి కొట్టాను. ఆమె వేసింది. ఇంకా గట్టిగా ఒక్కటి కొట్టాను. ఇంకా పెద్ద గరిటె వేసింది. అలా మా గిన్నె ఖాళీ అయ్యింది. "గొంతు పోయిందిగాని ఆకలి మస్తుగైంది" అని ఇంటింటికీ చెప్పొచ్చింది. నేను ఆమె లెక్కలోకి మారదామని చాలా చూశాను. మెల్లగా ఆలోచించి కొడితే కుదిరేది, తొందరలో చెయ్యి దాని పాత దారిన అది పోయేది.

పరీక్షకు పంపిన గడ్డ రిపోర్టు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు గ్లాసు కూడా సంచీలో తెచ్చుకున్నాం. డాక్టరమ్మ కాగితం చూసి, "మంచి గడ్డే. క్యాన్సర్ కాదు. ఇక ఆ భయం పెట్టుకోకు" అంది. అరవాలనిపించింది, కామారెడ్డి బస్టాండు దాకా వినపడేలా. గొంతు లేదాయె. గ్లాసు తీసి కొట్టాను. రెండు, మళ్ళీ రెండు, మళ్ళీ రెండు. రైట్, రైట్, పోనీ, పోనీ!

"ఏంది బిడ్డా, కాదు కాదంటవు?" అని అత్తమ్మ కంగారుపడింది. "డాక్టరమ్మ మంచిగనే చెప్పింది గద, నమ్మవేందే?" నేను కొడుతూ, ఏడుస్తూ, నవ్వుతూనే ఉన్నాను. నర్సమ్మ వచ్చి గ్లాసు లాక్కుంది. ఇప్పటికీ నాకు గుర్తొచ్చే సంతోషాల్లో అది పెద్దది.

వినాయక చవితి దాటాక

క్యాన్సర్ భయం పోయింది. గొంతు రాలేదు. సెలవులు అయిపోవస్తున్నాయి. ఆ ఉద్యోగం నాకు ఊరికే రాలేదు, దాన్ని వదులుకుంటే ఇంట్లో కూర్చున్న నన్ను నేనే గుర్తుపట్టనని నాకు తెలుసు. ఆ బెంగతోనే ఉన్నప్పుడు మా ఆయన ఫోన్ వచ్చింది. స్పీకర్లో పెట్టి అత్తమ్మ మాట్లాడుతోంది, నేను ఎదురుగా కూర్చున్నాను.

"అవ్వా, ఇగ ఆ డ్యూటీ సాలు అను. గొంతే లేకుంటే బస్సుల ఏం జేస్తది? రాజీనామా ఇచ్చి ఇంటికాడ మంచిగ ఉండుమను. నేను సంపాయిస్తున్న గద."

"అడుగుత ఉండు. ఏం బిడ్డా, డ్యూటీ బంద్ జేస్తవా?"

నా ఒళ్ళు మండింది. ఆపండి ఈ మాట అని ఒక్కటి కొట్టాను, ఖణేల్‌మని.

"ఊఁ అన్నది రా" అంది అత్తమ్మ.

ఇంకొకటి కొట్టాను. ఆగు! ఇంకొకటి. తల అడ్డంగా ఊపాను, ఆమె కళ్ళు ఫోన్ మీదే ఉన్నాయి. "గట్టిగనే ఊఁ అంటున్నది" అంది ఆమె, నిశ్చింతగా. "సరే మంచిగైంది" అని మా ఆయన ఫోన్ పెట్టేశాడు.

నా ఉద్యోగం నా ఎదురుగానే, నా చేతులతోనే పోయింది. పాలు తాగేస్తున్న మామగారి ముందు ఆ కోడలు ఎలా నిలబడేదో అలా నిలబడ్డాను. అయితే ఆమె దయ్యం, ఆమె చేతులు దేన్నీ పట్టుకోలేవు. నా చేతులు బాగానే ఉన్నాయి. లేచి మేకుకు తగిలించిన ఖాకీ కోటు తొడుక్కున్నాను. అత్తమ్మను ముందు పీట మీద కూర్చోబెట్టాను. బీడీల చేట బోర్లించి స్టీరింగులా ఆమె చేతుల్లో పెట్టాను. వెనక నిలబడి గ్లాసు మీద రెండు కొట్టి, చేట పట్టుకుని అటూ ఇటూ తిప్పాను. తర్వాత ఒక్కటి కొట్టి, చేటను ఆపాను. మళ్ళీ రెండు కొట్టాను. ఈసారి చేటను ఆమే తిప్పింది. ఒక్కటి కొట్టాను. ఆమే ఆపింది.

నా ఖాకీ కోటుకేసి, గ్లాసుకేసి చూసింది. తర్వాత చేట కింద పెట్టి, "ఓయమ్మ, గిది బస్సు గంట లెక్కనా!" అంది. "అంటే గప్పుడు బువ్వ ఒద్దన్నవా?" నేను తల ఊపాను. "ఆస్పత్రిల కాదు కాదనలేదా?" ఊపాను. ఆమె మొహం మెల్లగా మారింది. "మరి డ్యూటీ..." అని నోటి మీద చెయ్యేసుకుంది.

వెంటనే ఫోన్ కలపమంది. మా ఆయన ఎత్తీ ఎత్తకముందే అందుకుంది. "అరేయ్, నేను ఎడ్డిదాన్ని, తప్పు జెప్పిన. అది కొట్టింది బస్సు గంట లెక్కనట. డ్యూటీ ఇడువదట. ఇంకోటి ఇను. ఇప్పటి సంది సరోజ ఎట్లుంది అని నన్ను అడగకు. నీ పెండ్లాం దయ్యం కాదురా, ఈడ్నే కూసున్నది. దాన్నే అడుగు."

ఆ తర్వాత మా ఆయన, "సరోజా" అన్నాడు. నన్ను. "డ్యూటీకి పోతవా?"

రెండు కొట్టాను. "పోతదట" అని మధ్యలో అత్తమ్మ అనబోయి నాలుక కరుచుకుంది. "ఇనవడ్డది అవ్వా" అన్నాడు ఆయన. ఆ రోజు నుంచి పని దిగాక ఫోన్ చేసి నాతోనే మాట్లాడాడు, నేను గ్లాసుతో జవాబు చెప్పాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అన్ని మాటలు నాతో ఎప్పుడూ చెప్పలేదు. నేను చెప్పనిస్తే కదా.

బతుకమ్మ పూలు పోయాక

ఆసుపత్రిలో నాకు ఊఁ కొట్టడం, గొంతులో గాలి బిగించడం లాంటి కసరత్తులు నేర్పారు. రోజూ చేసేదాన్ని. తుస్సుమనేది. బతుకమ్మకు ఆడవాళ్ళంతా పాట ఎత్తుకుంటే నేను చప్పట్లు మాత్రం కొట్టి వచ్చాను. ఆ సాయంత్రం గొంతు ఇక రాదనే నమ్మకం నాలో గట్టిపడింది. అది దాచుకోవడం కూడా సులువైంది, గొంతు లేదు కాబట్టి.

పండుగ అయిపోయిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం అత్తమ్మ చేట ముందు కూర్చుని ఉంది. నేను ఆమె వెనక గోడకు ఆనుకుని ఆకు సర్దుతున్నాను. టీవీలో దయ్యం కోడలు, "ఈ ఇంట్లో ఎవరికైనా నా మాట వినపడుతుందా?" అని అడిగింది. అత్తమ్మ మామూలుగా జవాబు చెబుతుందని చూశాను. ఆమె చెప్పలేదు. ఆకు కత్తిరించడంలో పడిపోయింది. నాకే పాపమనిపించింది.

"ఇంటున్న" అన్నాను.

అనాలని అనుకుని అనలేదు. లోపలి నుంచి ఏదో గరగరమని కదిలి, మగవాడి గొంతులాంటి ఒక మోటు గొంతు గదిలో వినపడింది. అత్తమ్మ కెవ్వుమంది. చేట ఎగిరింది, తంబాకు గదంతా పడింది. "అమ్మో, దయ్యం మాట్లాడింది!" అని తలుపు దాకా ఉరికింది.

"నేనే, అత్తమ్మా" అన్నాను.

ఆమె తలుపు పట్టుకుని నన్ను చూసింది, టీవీని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. వచ్చి తంబాకు అంటిన రెండు చేతుల్తో నా మొహం పట్టుకుంది. "ఇంకోపాలి అను" అంది. అన్నాను. ఇంకోపాలి అంది. అన్నాను. ఇద్దరం తుమ్ముకుంటూ ఏడ్చాం. ఆ రోజు దయ్యం ఏమైందో మా ఇద్దరికీ తెలియదు.

చలి మొదలవుతుంటే సీరియల్ అయిపోయింది. చివరి రోజు దయ్యం కోడలి గొంతు ఇంట్లో అందరికీ వినపడింది. మామగారు పాలగ్లాసు విసిరికొట్టాడు. ఆమె నవ్వి, వెలుగులో కలిసిపోయింది. నేను సంతోషపడ్డాను. అత్తమ్మకు మాత్రం కోపమొచ్చింది.

"గిన్నొద్దులు ఒర్రి ఒర్రి, తీరా ఇన్నరనంగనే పోవుడేంది? ఇంక నాలుగొద్దులు ఉండి, కడుపునిండ మాట్లాడి పోవద్దా?" అని టీవీ కట్టేసింది. తర్వాత నాకేసి తిరిగి, "నువ్వన్న మాట్లాడు" అంది. పొద్దుపోయేదాకా మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు, ఆమె ఒక్కసారి కూడా సౌండు పెంచలేదు.

డ్యూటీ

డ్యూటీలో చేరే రోజు అత్తమ్మ కూడా తయారైంది. కామారెడ్డిలో పనుందంది. ఏ పనీ లేదని ఇద్దరికీ తెలుసు. మల్లేశన్న వెనకే మొదటి సీట్లో కూర్చుంది, ఒళ్ళో సంచీ పెట్టుకుని.

బస్సు నిండింది. నా కొత్త గొంతు ఇంట్లో వినపడుతుంది, ఇంజను ముందు వినపడదు. ఆ సంగతి లింగంపేట దగ్గరే తెలిసిపోయింది. "లింగంపేట" అంటే పక్కనున్నామెకు వినపడింది. ఆమె నా మెడ మీది గీత చూసింది, ఏమీ అడగకుండా "లింగంపేట దిగేటోళ్ళు!" అని అరిచింది. ముందున్న ఇంకొకామె అందుకుంది. నా కేక చేతులు మారి డ్రైవర్ దాకా పోయింది. కళ్ళు మసకబారి టికెట్ మిషన్ మీద అంకెలు కనపడలేదు.

తాడ్వాయిలో ఇంకా చాలామంది ఎక్కారు. నేను వెనక ఇరుక్కుపోయాను, కడ్డీ అందదు, జేబులో బిళ్ళకు చెయ్యి పోదు. "రైట్" అన్నాను. గొంతు విరిగింది. ఇంకోసారి అనబోయాను, గాలి వచ్చింది. మల్లేశన్న అద్దంలో నా కోసం వెతుకుతున్నాడు. బస్సు ఆగే ఉంది. ఒక క్షణం పాత భయం మొత్తం తిరిగి వచ్చింది, ఆపరేషన్ రోజు నీళ్ళడిగిన భయం.

ముందు సీట్లోంచి ఒక చెయ్యి లేచింది. ఆ చేతిలో మా ఇంటి స్టీలు గ్లాసు ఉంది. కిటికీ కడ్డీ మీద ఖణ్, ఖణ్ అని రెండు దెబ్బలు పడ్డాయి.

మల్లేశన్న గేరు వేశాడు, బస్సు కదిలింది. ఆ గుంపు మీదుగా మా అత్తమ్మ వెనక్కి తిరిగి, "ఇనవడ్డది బిడ్డా, నువ్వు టికెట్లు కొట్టు" అంది.